మార్చిలో నాలుగు రోజులు కెబెక్ స్టడీ ట్రిప్: ఏం చూడాలి, ఎవరితో ఎలా మాట్లాడాలి?

కొవ్వూరమ్మాయి | ఫిబ్రవరి 9

అందరికీ నమస్కారం. టొరంటో దగ్గర ఒక కాలేజీలో చదువుతున్నాను, ఈ సెమిస్టర్‌లో ఫ్రెంచ్ బిగినర్స్ కోర్సు తీసుకున్నాను. మా మేడమ్ మార్చి రెండో వారంలో మమ్మల్ని 26 మందిని బస్సులో కెబెక్ తీసుకెళ్తున్నారు, కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే రాష్ట్రం అది. మొత్తం నాలుగు రోజులు, రెండు రాత్రులు మాంట్రియల్‌లో, ఒక రాత్రి కెబెక్ సిటీలో. ఒక్కొక్కరం కనీసం ముగ్గురు స్థానికులతో ఫ్రెంచ్‌లో మాట్లాడాలి, విన్నదీ అర్థమైనదీ డైరీలో రాయాలి, దానికి మార్కులున్నాయి. నాకు టెన్షన్ అంతా దాని గురించే. మాంట్రియల్‌లో ఒక సాయంత్రం, కెబెక్ సిటీలో ఒక పూట మా ఇష్టానికి వదిలారు. ఎక్కడికి వెళ్తే నిజంగా ఏమైనా తెలుస్తుంది? నేను వెజిటేరియన్‌ని, అదీ చూసి చెప్పండి. అక్కడ ఉన్నవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే వివరంగా రాయండి, ప్లీజ్.

పార్క్‌ఎక్స్ వాసి | ఫిబ్రవరి 9

మాంట్రియల్ వచ్చి 14 ఏళ్ళయింది చెల్లెమ్మా. ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకో. షాపులో అడుగుపెట్టినా, బస్సెక్కినా, దారి అడిగినా నీ నోట మొదట బోన్‌జూర్ రావాలి. మనింటికి వచ్చినవాళ్ళు బాగున్నారా అని కూడా అనకుండా గుమ్మంలోనే పని చెప్తే ఎలా ఉంటుంది, ఇక్కడ బోన్‌జూర్ లేకుండా మొదలుపెడితే అలానే ఉంటుంది. తర్వాత నీకు రెండు ముక్కలే వచ్చినా వాళ్ళు మిగతాది అందుకుంటారు.

డౌన్‌టౌన్‌లో మాత్రం నీ అసైన్‌మెంట్ సాగదు. అక్కడ 'బోన్‌జూర్, హాయ్' అని రెండూ కలిపి పలకరిస్తారు, నువ్వు కాస్త తడబడితే చాలు, సాయం చేద్దామనే ఉద్దేశంతోనే ఇంగ్లీషులోకి మారిపోతారు. సాన్ లొరాన్ వీధి అని ఒకటుంది, ఊరిని తూర్పు, పడమరగా చీల్చేది అదే, ఇంటి నంబర్లు కూడా అక్కణ్ణించే మొదలవుతాయి. పూర్వం దానికి పడమర ఇంగ్లీషువాళ్ళు, తూర్పున ఫ్రెంచివాళ్ళు ఉండేవారు, ఇప్పుడు అంత గీత గీసినట్టు లేదు గానీ తూర్పుకు వెళ్ళేకొద్దీ ఫ్రెంచ్ చిక్కబడుతుంది. ఖాళీ సాయంత్రం ప్లాటో పేటలో నడువు. ఇళ్ళ ముందు బయటకు వేలాడే ఇనుప మెట్లు చూస్తావు, రెండో అంతస్తుకు వంకర తిరిగి వెళ్తాయి. మెట్లు లోపల కడితే గది జాగా పోతుందని బయట పెట్టారు, మంచు పడినప్పుడు వాటి మీద సామాను మోయడం ఎంత కష్టమో మోసినవాళ్ళకే తెలుసు.

ఇంకొకటి, క్లాసులో నేర్చుకున్న ఫ్రెంచ్ ఇక్కడ చెవికి వేరేగా తగులుతుంది, కంగారుపడకు. 'త్యు' (నువ్వు) అన్నది 'త్సు' అంటారు, సోమవారాన్ని 'లన్‌డ్జి' అంటారు. ఫ్రాన్స్‌లోవాళ్ళు వీకెండ్ అనేస్తారు, ఇక్కడ పట్టుబట్టి 'ఫాన్ ద సెమెన్' అంటారు. పొద్దున తినేది దెజునే, మధ్యాహ్నం దినే, రాత్రి సుపే. పాలు, బ్రెడ్డు కొనే వీధి చివరి కొట్టు 'డెపనూర్', నీ మొదటి సంభాషణకి అదే మంచి చోటు, గిరాకీ లేని వేళ చూసుకుని వెళ్ళు.

నెల్లూరు నాని | ఫిబ్రవరి 10

నేను పోయినేడాది మా బ్యాచ్‌తో వెళ్ళాను, ఇలాంటి ట్రిప్పే. తిండి సంగతి నేను చెప్తాను. పూటీన్ అని అందరూ తినమంటారు, అక్కడివాళ్ళ నోట అది 'పూట్సిన్'. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద తాజా చీజ్ ముద్దలు వేసి వేడి గ్రేవీ పోస్తారు, చీజ్ తాజాగా ఉంటే పంటి కింద కీచుమంటుంది. కానీ ఆ గ్రేవీ మామూలుగా మాంసం ఉడికించిన రసంతో చేస్తారు, పైకి ఏమీ కనపడదు. చాలా చోట్ల పుట్టగొడుగుల గ్రేవీ ఉంటుంది, ఆర్డర్ ఇచ్చేముందే 'వెజెటారియెన్' అని అడుగు. మా గ్రూపులో ఒకమ్మాయి సగం తిన్నాక తెలిసి రోజంతా ఏడ్చింది, అందుకే ఇంత నొక్కి చెప్తున్నాను.

బేగెల్ మాత్రం ధైర్యంగా తినొచ్చు. సాన్ వియాటర్ వీధిలో, ఫెయిర్‌మౌంట్ వీధిలో పాత కొట్లున్నాయి, తేనె కలిపిన నీళ్ళలో ఉడికించి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, నువ్వులు అద్దినవి వేడివేడిగా సంచిలో వేసి ఇస్తారు. తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులు తెచ్చిన వంట ఇది, ఫ్రెంచివాళ్ళది కాదు, కానీ మాంట్రియల్ అంటే అది లేకుండా కుదరదు.

చలి: మార్చిలో కెబెక్ సిటీలో పగలు సున్నా దగ్గర, రాత్రి మైనస్ పది దాకా ఉంటుంది. పగలు కరిగిన మంచు రాత్రికి గడ్డకట్టి గాజులా తయారవుతుంది, ఆ ఊరంతా ఏటవాలు. మంచి గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోకపోతే మిగతా సలహాలన్నీ దండగ.

ఓరుగల్లు | ఫిబ్రవరి 10

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. నేను రెండేళ్ళు అక్కడ ఉన్నాను. చదువు అయిపోయాక ఉద్యోగానికి ఎక్కడికి పోయినా ఫ్రెంచ్, ఫ్రెంచ్. ఒక చోట పని అంతా కంప్యూటర్ మీదే, మాట్లాడేది ఎవరితోనూ లేదు, అయినా ఇంటర్వ్యూ చేసినాయన రెండు నిమిషాల్లో ఫ్రెంచ్ రాదని లేచిపోయాడు. ఆ రోజు బస్టాండులో గంటసేపు కూర్చున్నాను. చివరికి ఒంటారియో వచ్చేశాను. నాలుగు రోజులు పోయేవాళ్ళకి అంతా అందంగానే కనిపిస్తుంది, అక్కడ బతకాలనుకునేవాళ్ళకి ఆ భాష ఒక గోడ. ఈ చెల్లె డైరీలో ఆ సంగతి కూడా రాయాలని నా కోరిక.

లక్ష్మి, లావల్ | ఫిబ్రవరి 11

ఓరుగల్లు తమ్ముడూ, నువ్వు పడ్డ బాధ నిజం, దాన్ని నేను కాదనను. మేం వచ్చిన మొదటి మూడేళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. మా పెద్దాడికి అప్పుడు ఏడేళ్ళు, మేం పీఆర్ (శాశ్వత నివాసం) మీద వచ్చాం, ఇంగ్లీషు బడిలో వేద్దామంటే కుదరదన్నారు. 1977లో వచ్చిన 101వ చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ళ పిల్లలు ఫ్రెంచ్ బడికే వెళ్ళాలి. ముందు 'క్లాస్ దాకేయ్' అని కొత్తగా వచ్చినవాళ్ళకి వేరే తరగతి ఉంటుంది, అందులో భాష నేర్పి తర్వాత మామూలు తరగతికి పంపుతారు. వాడు నెలరోజులు ఇంటికొచ్చి మాట్లాడేవాడు కాదు. ఏడాది తిరిగేసరికి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి నా తరఫున మాట్లాడాడు.

కానీ వాళ్ళెందుకు ఇలా పట్టుబడతారో తెలుసుకుంటే నా కోపం తగ్గింది. 1960 దాకా ఈ రాష్ట్రంలో బళ్ళూ ఆసుపత్రులూ ఎక్కువగా చర్చి చేతిలో, పెద్ద వ్యాపారాలు ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉండేవి. సొంత ఊళ్ళో, జనాభాలో ఎక్కువమంది తామే అయినా, పెద్ద షాపులో ఫ్రెంచ్‌లో అడిగితే పలికేవాళ్ళు ఉండేవారు కాదని మా పక్కింటి పెద్దావిడ ఇప్పటికీ చెప్తుంది. 1960లో ఝాన్ లెసాజ్ ప్రభుత్వం వచ్చాక మొదలైన మార్పుని నిశ్శబ్ద విప్లవం అంటారు. 'మెత్ర్ షే నూ', మనింట్లో మనమే యజమానులం, అన్నది 1962 ఎన్నికల నినాదం. విద్యాశాఖ ఏర్పడిందే 1964లో. తర్వాత రెనే లెవెక్ ప్రభుత్వం 101వ చట్టం తెచ్చింది. కెనడా నుంచి విడిపోదామా అని 1980లో, మళ్ళీ 1995లో ఓటు వేశారు. రెండోసారి 'వద్దు' అన్నవాళ్ళు 50.58 శాతం, అంత దగ్గరదాకా వెళ్ళింది.

అమ్మాయ్, నువ్వు వెళ్ళినప్పుడు రోడ్డు మీద స్టాప్ బోర్డు చూడు, 'ఆరె' అని ఉంటుంది, ఫ్రాన్స్‌లో కూడా స్టాప్ అనే రాస్తారు. కెఎఫ్‌సీ కూడా ఇక్కడ 'పీఎఫ్‌కే'. చుట్టూ ఖండమంతా ఇంగ్లీషు ఉన్నప్పుడు ఒక భాష ఎలా నిలబడుతుందో ఆ బోర్డుల్లో కనిపిస్తుంది.

యానాం కుర్రాడు | ఫిబ్రవరి 12

నేను కెనడా చూడలేదు, కాకినాడ పక్కన యానాంలోనే ఉంటాను, కానీ ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను. మా తాతగారు ఫ్రెంచి బడిలో చదివారు, 1954 దాకా మా ఊరు ఫ్రాన్స్ చేతిలోనే ఉంది కదా.

కెబెక్ సిటీలో అబ్రహాం మైదానం అని ఉంది, అక్కడికి తప్పకుండా వెళ్ళండి. 1759 సెప్టెంబర్ 13న ఇంగ్లీషు సేన రాత్రికి రాత్రి నది ఒడ్డున కొండ ఎక్కి పొద్దున్నే ఆ మైదానంలో బారులు తీరింది. యుద్ధం అరగంట కూడా పట్టలేదు. ఇంగ్లీషు సేనాని వుల్ఫ్ అక్కడే పోయాడు, ఫ్రెంచి సేనాని మోంకాల్మ్ మర్నాడు పోయాడు. ఇప్పుడు దానికి తొమ్మిది నెలలు వెనక్కి రండి. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సేన, విజయనగరం ఆనంద గజపతి సాయంతో, కాన్‌ఫ్లాన్స్ కింద ఉన్న ఫ్రెంచి సేనని ఓడించింది. 1759 ఏప్రిల్‌లో బందరు కోట పట్టుకున్నారు. ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేయి జారిపోయింది అప్పుడే. ఇవి వేర్వేరు యుద్ధాలు కావు, ఏడేళ్ళ యుద్ధం అనే ఒకటే యుద్ధం, ఒక కొస గోదావరి జిల్లాల్లో, ఇంకో కొస సెయింట్ లారెన్స్ నది మీద. 1763లో పారిస్ ఒప్పందం రాసుకున్నప్పుడు ఫ్రాన్స్ కెనడాని వదులుకుంది, చక్కెర పండే గ్వాడలూప్ ద్వీపాన్ని తిరిగి తీసుకుంది, పాండిచ్చేరి, యానాం లాంటి వ్యాపార స్థావరాలు కూడా తిరిగి తీసుకుంది. అందుకే మా తాతగారికి ఫ్రెంచ్ వచ్చు, మీకు కొవ్వూరులో రాలేదు.

పార్క్‌ఎక్స్ వాసి | ఫిబ్రవరి 12

యానాం తమ్ముడూ, 14 ఏళ్ళలో ఎన్నిసార్లు ఆ మైదానంలో నడిచానో, చందుర్తి సంగతి ఎప్పుడూ తట్టలేదు. మాది పెద్దాపురం! పక్క ఊరన్నట్టే.

చెల్లెమ్మా, ఆ మైదానం చూశాక షాటో ఫ్రోంటెనాక్ హోటల్ పక్కనున్న తోటలోకి వెళ్ళు. అక్కడొక రాతి స్తంభం ఉంది, గెలిచినవాడికీ ఓడినవాడికీ, వుల్ఫ్‌కీ మోంకాల్మ్‌కీ కలిపి ఒకటే స్తంభం. లాటిన్‌లో రాశారు, శౌర్యం ఇద్దరికీ ఒకే చావునిచ్చింది, చరిత్ర ఒకే కీర్తినిచ్చింది అని. టూరిస్టులు హోటల్‌ని ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, ఈ స్తంభం దగ్గర ఎవరూ ఆగరు.

ఖాళీ పూట కెబెక్ సిటీలో అయితే నది అవతలి ఒడ్డున ఉన్న లెవీ ఊరికి వెళ్ళే ఫెర్రీ ఎక్కు. పది పన్నెండు నిమిషాలు, టికెట్ చవక, మార్చిలో నది మీద మంచు పలకలు తేలుతుంటే పడవ వాటిని పగలగొట్టుకుంటూ వెళ్తుంది. కెబెక్ అంటే అల్గాంకిన్ అనే ఆదివాసీ భాషలో నది ఇరుకయ్యే చోటు. ఊరిని షాంప్లేన్ అక్కడే 1608లో ఎందుకు పెట్టాడో నది మీద నుంచి చూస్తే చెప్పకుండానే తెలుస్తుంది. మళ్ళీ ఫెర్రీలో అందరూ ఊళ్ళోవాళ్ళే, ఆ పది నిమిషాలు వాళ్ళకీ వేరే పని ఉండదు, మాట్లాడతారు.

లక్ష్మి, లావల్ | ఫిబ్రవరి 13

మీ మేడమ్‌ని అడిగి వెండాకే కూడా కలపమను, కెబెక్ సిటీ నుంచి దగ్గరే, హ్యూరాన్-వెండాట్ అనే ఆదివాసీ ప్రజల ఊరు. ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అంటూ మనం ఇక్కడ చెప్పుకుంటున్నదంతా వాళ్ళలాంటి ఆదివాసుల నేల మీదే జరిగింది. కెనడా అనే పేరే ఈ నది ఒడ్డున ఉన్నవాళ్ళు ఊరు అనే మాటకి 'కనాటా' అంటే 1535లో వచ్చిన ఫ్రెంచి నావికుడు ఝాక్ కార్టియే పట్టుకున్నది.

తిరుగు దారిలో కబాన్ ఆ సూక్ర్‌కి, అంటే మేపుల్ పాకం కాచే చోటుకి, తీసుకెళ్తారేమో కనుక్కో, మార్చి దానికి సరైన నెల. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కొంచెం వేడి ఉంటేనే మేపుల్ చెట్టు నుంచి నీరు కారుతుంది, దాదాపు 40 లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం. ముందే వెజిటేరియన్ అని చెప్పించు, అక్కడ బఠాణీ సూపులో, చిక్కుడు గింజల్లో కూడా పంది మాంసం వేస్తారు.

కొవ్వూరమ్మాయి | ఫిబ్రవరి 13

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. ఓరుగల్లు అన్నా, మీరు చెప్పింది కూడా డైరీలో మొదటి పేజీలో రాసుకున్నాను. వచ్చాక అన్నీ చెప్తాను.

కొవ్వూరమ్మాయి | మార్చి 19

వచ్చేశాను. రెండు రోజులు నిద్రపోయి లేచి రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

మొదటి సంభాషణ పార్క్‌ఎక్స్ అన్న చెప్పినట్టే డెపనూర్‌లో. లోపలికి వెళ్ళి బోన్‌జూర్ అని, 'జు పార్ల్ ఎమ్ ప్యు ఫ్రాన్సే', కొంచెమే వచ్చు, అన్నాను. కౌంటర్లో ఉన్న పెద్దాయన చేతిలో పని పక్కన పెట్టి నెమ్మదిగా మాట్లాడాడు. నేను మెర్సి అంటే 'బ్యాన్వెన్యు' అన్నాడు. క్లాసులో అది స్వాగతం అని నేర్పారు, బయటకు వెళ్తుంటే స్వాగతం అంటాడేంటి అని బస్సులో మేడమ్‌ని అడిగితే, ఇక్కడ పర్వాలేదు అనడానికి అలా అంటారని చెప్పారు. డైరీలో మొదటి ముక్క అదే. రెండోది ఝాన్ తలోన్ మార్కెట్‌లో, ఆపిల్స్ అమ్మే ఆవిడతో, 'త్సు' అన్నది నా చెవులతో విన్నాను!

మాంట్రియల్‌లో నాకు బాగా నచ్చింది మెట్రో. రబ్బరు టైర్ల మీద వెళ్తుంది, 1966 నుంచీ అంతేనట, ఇనుప రైలు చప్పుడే ఉండదు. నోత్రదామ్ బసిలికా లోపల నీలం రంగు పైకప్పు కింద పావుగంట కూర్చున్నాం. మా మేడమ్ ఒక మాట చెప్పారు, ఆవిడ అమ్మమ్మ రోజూ చర్చికి వెళ్ళేదట, అమ్మ పండగలకి వెళ్ళేదట, ఆవిడ పెళ్ళిళ్ళకి మాత్రమే వెళ్తారట. లక్ష్మి అక్క చెప్పిన నిశ్శబ్ద విప్లవం ఒక ఇంట్లో మూడు తరాల్లో అలా కనిపించింది. వెండాకేకి టైమ్ సరిపోలేదు అక్కా, అది బాధగానే ఉంది.

కెబెక్ సిటీలో కోటగోడ మీద నడిచాం, మెక్సికోకి ఉత్తరాన గోడలు ఇంకా నిలిచి ఉన్న ఊరు ఇదొక్కటే. స్తంభం దగ్గర ఆగాను అన్నా, నిజంగానే అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

ఇక ఫెర్రీ. గోదావరి పక్కన పుట్టినదాన్ని కాబట్టి నదిని చూసి ఆశ్చర్యపోనేమో అనుకున్నాను, కానీ నది మీద మంచు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ చేసే చప్పుడు నేనెప్పుడూ వినలేదు. నా పక్కన డెబ్భై ఏళ్ళ పైబడ్డ ఆవిడ కూర్చుంది. ఎక్కడినుంచి వచ్చావు, ఏం చదువుతున్నావు అని అడిగింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అంది. తెలుగు అన్నాను. ఎంతమంది మాట్లాడతారు అంది. ఎనిమిది కోట్ల పైన అని చెప్పడానికి వేళ్ళ మీద లెక్క వేసుకుని, తప్పు చెప్పానేమోనని ఫోన్‌లో అంకె రాసి చూపించాను. ఆవిడ అంకె చూసి నా మొహం చూసి, మేం కెబెక్ మొత్తం కలిపి సుమారు తొంభై లక్షలమే ఉంటాం అంది. తర్వాత మామూలుగా అడిగింది, అయితే మీ పిల్లలంతా బడిలో ఆ భాషలోనే చదువుకుంటారు కదా, అని.

నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. మా బడిలో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేవారు, రూపాయి. ఆ రూపాయి నేను చాలాసార్లు కట్టాను. అది ఫ్రెంచ్‌లో చెప్పడం నాకు రాదు, ఇంగ్లీషులో చెప్పాలని అనిపించలేదు. 'నోన్' అని మాత్రం అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు, సంచిలోంచి మేపుల్ చాక్లెట్ తీసి ఇచ్చింది. ఒడ్డు వచ్చేసింది.

చివరి రోజు కబాన్‌లో కాగే పాకాన్ని శుభ్రమైన మంచు మీద గీతలా పోసి పుల్లకి చుట్టి ఇచ్చారు. మా అమ్మమ్మ అరిసెలకి పాకం వచ్చిందో లేదో గిన్నెలో నీళ్ళలో వేసి చూసేది, అచ్చం అదే ఉండ పాకం, గిన్నెకి బదులు మంచు. మేడమ్‌కి అది చెప్తే అరిసె అనే మాట నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

ఓరుగల్లు | మార్చి 19

చెల్లె, ఫెర్రీ దగ్గర ఆగిపోయి మళ్ళీ చదివాను. మా బడిలో ఫైన్ కాదు, చేతి మీద స్కేలు. ఆ ఇంటర్వ్యూ ఆయన చేసింది నాకు ఇప్పటికీ తప్పే అనిపిస్తుంది, పని తెలిసినవాణ్ణి నేర్చుకునేందుకు ఆర్నెల్లు కూడా ఇవ్వకపోవడం న్యాయం కాదు. కానీ ఆ ముసలావిడ అడిగినదానికి నా దగ్గరా జవాబు లేదు.

లక్ష్మి, లావల్ | మార్చి 20

తమ్ముడూ, ఇప్పుడు ఫ్రాన్సిజాసియోన్ కెబెక్ అని ప్రభుత్వమే ఉచితంగా ఫ్రెంచ్ నేర్పుతోంది, 2023లో మొదలైంది. నువ్వున్నప్పుడు ఇది లేదు. మళ్ళీ ఎప్పుడైనా ఇటు రావాలనిపిస్తే మా ఇంట్లో దిగు.

అమ్మాయ్, మా పెద్దాడికి నీ పోస్టు చదివి వినిపించాను. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆదివారాలు నేర్పుతానంటే ఇన్నాళ్ళూ తప్పించుకునేవాడు, నిన్న తనే పలక యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నాడు. ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

కొవ్వూరమ్మాయి | మార్చి 22

ఇంకో విషయం చెప్పడం మర్చిపోయాను. అబ్రహాం మైదానంలో మేడమ్ చరిత్ర చెప్తుంటే నేను చందుర్తి సంగతి చెప్పాను, మాప్‌లో పిఠాపురం చూపించాను. ఆవిడకి కూడా తెలియదట. ఏప్రిల్ మొదటి వారంలో క్లాసులో పది నిమిషాలు దాని మీదే మాట్లాడమన్నారు, ఫ్రెంచ్‌లో! యానాం గారూ, మీ ఊళ్ళో ఫ్రెంచివాళ్ళ కాలం నాటి కట్టడాల ఫొటోలు నాలుగైదు పంపగలరా? చందుర్తి వైపు ఎవరైనా వెళ్తే ఆ పొలాల ఫొటో ఒకటి దొరికినా చాలు.

యానాం కుర్రాడు | మార్చి 22

రేపు ఆదివారమే బండి మీద చందుర్తి వెళ్ళొస్తాను. బందరులో మా పిన్ని వాళ్ళుంటారు, అక్కడ పరాసుపేట అని ఇప్పటికీ ఫ్రెంచివాళ్ళ పేరు మీదే ఒక పేట ఉంది, వీధి ఫొటో తీయించి అదీ పంపుతాను. మీరు ఫ్రెంచ్‌లో రాసుకున్నది పెడితే మా తాతగారికి చూపిస్తాను, 91 ఏళ్ళు, చూపు తగ్గింది గానీ చదివి వినిపిస్తే ఇప్పటికీ తప్పులు దిద్దుతారు.